జోహార్ అత్తయ్య పాస్‌పోర్టు

నా చిన్నప్పుడు మేము సింగపూర్‌లో బుకిట్ పంజాంగ్‌లో ఉండేవాళ్లం, పదకొండో అంతస్తులో ఒక అద్దె ఫ్లాట్‌లో. కంప్యూటర్ తెలిసిన ప్రతివాణ్నీ ఏదో ఒక దేశం విమానమెక్కించి తీసుకుపోతున్న రోజులవి. మా నాన్న కూడా అలాగే తెనాలి నుంచి వచ్చారు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తప్పు చదివి ఆగిపోతాయని లోకమంతా హడలిపోతుంటే, రాఫెల్స్ ప్లేస్‌లో ఒక ఆఫీసులో ఆ తప్పు దిద్దే గుంపులో ఆయనొకరు. నేను లేచేసరికి వెళ్లిపోయేవారు, పడుకున్నాక వచ్చేవారు. మా అమ్మకు బూన్ లే దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం. ఆవిడ ఇల్లు చేరేసరికి ఏడయ్యేది. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు.

స్కూలు ఒంటిగంటకే అయిపోయేది. అక్కడి నుంచి ఏడింటి దాకా నేను ఉండే చోటు మా బ్లాక్ కిందే. ఉద్యోగాలకు వెళ్లే తల్లిదండ్రుల పిల్లల్ని చూసుకోవడానికి కింద అంతస్తులో నాలుగు గోడలు కట్టి ఒక కేర్ సెంటర్ నడిపేవాళ్లు. అన్నం పెట్టేవాళ్లు, హోంవర్క్ చేయించేవాళ్లు. దాన్ని చూసుకునే టీచర్ చైనీస్ ఆవిడ, మంచిదే గానీ నవ్వేది కాదు. అక్కడ వంట చేసి, గిన్నెలు కడిగి, చిన్నపిల్లల ముక్కులు తుడిచి, అన్ని పనులూ చేసే ఆవిడే మా జోహార్ అత్తయ్య.

జోహార్ అంటే సముద్రానికి అవతల, మలేషియాలో ఉన్న ఊరు. మన భాషలో జోహార్లంటే దండాలు కదా, ఆ ఊళ్లో అందరూ ఒకరికొకరు దండాలు పెట్టుకుంటూ తిరుగుతారని అనుకునేదాన్ని. ఆవిడ మొదటిరోజు నా పేరు వినగానే తెలుగులో మాట్లాడింది. నాకు ఆశ్చర్యం. ఆ తెలుగు మా ఇంట్లో తెలుగులా లేదు. ఆవిడ తాతల నాటి వాళ్లెవరో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి మలేషియా తోటల్లో పనికి వెళ్లారట. వాళ్లతోపాటు ఎక్కిన తెలుగు అక్కడే ఉండిపోయి, మధ్యలో మలయ్ మాటలూ తమిళం మాటలూ కలుపుకుంది. "ఏటి పిల్లా, మకాన్ అయిపోనాదా?" అని అడిగేది, అన్నం తిన్నావా అని. అమ్మ ఆవిడను అత్తయ్యా అని పిలవమంది. మిగతా పిల్లలందరికీ ఆంటీ, నాకొక్కదానికే అత్తయ్య. ఆ తేడా నాకు ఎంతో గొప్పగా ఉండేది.

ఆవిడ రోజూ జోహార్ నుంచి వచ్చి రోజూ జోహార్‌కు వెళ్లేది. తెల్లారి నాలుగింటికి లేచేదట. ఇంటి దగ్గర బస్సెక్కి సరిహద్దు దాకా. అక్కడ దిగి లైను, పాస్‌పోర్టు మీద ముద్ర. మళ్లీ బస్సెక్కి సముద్రం మీద వంతెన. వంతెన దాటాక మళ్లీ దిగడం, మళ్లీ లైను, ఇంకో ముద్ర. మళ్లీ బస్సు. ఏడున్నరకల్లా మా సెంటర్‌లో బియ్యం కడిగేది. సాయంత్రం ఐదున్నరకు అదంతా తిరగేసి. తన పాస్‌పోర్టు నాకు చూపించేది. పేజీల నిండా ముద్రలు, ముద్ర మీద ముద్ర, తెల్లటి చోటు కనబడేది కాదు. మా నాన్న ఇండియా నుంచి వచ్చి ఒక్క ముద్ర వేయించుకుంటేనే మా ఊళ్లో అంత గొప్పగా చెప్పుకున్నారు. ఈవిడకు రోజుకు నాలుగు. ఇన్ని దేశాలు తిరిగావా అత్తయ్యా అని అడిగితే నవ్వింది. "రెండే దేశాలు పిల్లా. ఇంటికీ పనికీ మధ్యన." ఇంకో మాట కూడా చెప్పింది. "ఈ పుస్తకం ఒకటి నేకపోతే నన్ను వంతెన దాటనీరు. ఇక్కడే ఉండిపోవాల." ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. గుర్తుండకపోతే ఎంత బాగుండేదో.

ఇంటి దగ్గర ఆవిడకు మంచం పట్టిన తల్లి ఉండేది. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. అత్తయ్య భర్తది రాత్రి కాపలా ఉద్యోగం, పగలంతా ఆయన ఆ ముసలావిడను చూసుకునేవాడు, చీకటి పడ్డాక పనికి వెళ్లేవాడు. ముసలావిడ పొద్దున ఎవరు పెట్టినా తినేది గానీ, సాయంత్రం గంజి మాత్రం కూతురు చేత్తో పట్టిస్తేనే తాగేదట. కూతురు ఎంత ఆలస్యంగా వస్తే అంతసేపూ ఆకలితో ఉండేది. మరి ఆ ఊళ్లోనే పని చూసుకోవచ్చు కదా అని అమ్మ ఒకసారి అడిగింది. ఈ పక్క జీతంతోనే ఆ పక్క మందులు వస్తాయని అత్తయ్య చెప్పింది. ఆ మాట చెప్పి అదేదో వర్షం సంగతి చెప్పినట్టు గరిట తిప్పుకుంటూ ఉండిపోయింది.

మూడు గంటలప్పుడు చిన్నపిల్లలంతా పడుకునేవాళ్లు. అప్పుడు నేను ఆవిడకు తెలుగు అక్షరాలు నేర్పేదాన్ని. ఆవిడకు మాట వచ్చు గానీ రాత రాదు. ఆవిడ ఇంట్లో ఎవరికీ రాదు. వాడేసిన వర్క్‌షీట్ల వెనక పెన్సిల్‌తో అ, ఆ దిద్దేది. "ఋ" దగ్గర ఎప్పుడూ తప్పేది. నేను టీచర్ మొహం పెట్టి మళ్లీ రాయమనేదాన్ని. రాసినవన్నీ మడిచి సంచిలో పెట్టుకునేది, అమ్మకు చూపిస్తానని. రోజు మొత్తంలో నాకు నచ్చిన గంట అదొక్కటే. ఐదున్నర అంటే మాత్రం కోపం. ఆవిడ చెయ్యి తుడుచుకుని సంచి భుజాన వేసుకుంటుంటే నేను అటు చూసేదాన్ని కాదు. ఆ తర్వాత గంటన్నరసేపు నవ్వని టీచర్, ఒక్కొక్కరుగా వెళ్లిపోయే పిల్లలు, ఆఖరున మిగిలే నేను.

ఒక శుక్రవారం నాలుగు గంటలప్పుడు సెంటర్‌కు అమ్మ ఫోన్ చేసింది. ల్యాబులో ఏదో పని పడింది, వచ్చేసరికి ఎనిమిది దాటుతుందని. టీచర్ నాకు ఆ సంగతి చెప్పింది. "యువర్ మమ్మీ వెరీ లేట్ టుడే, ఓకే లా?" నేను ఓకే అన్నాను. ఓకే కాదు. ఎనిమిది దాకా ఆ ట్యూబ్‌లైటు కింద ఒక్కదాన్నే కూర్చోవాలంటే నాకు ఏడుపొచ్చింది. వంటగదిలోకి వెళ్లి, ఇవాళ ఒక్కరోజు మా అమ్మ వచ్చేదాకా ఉండు అత్తయ్యా అని అడిగాను. ఉండలేనమ్మా, శుక్రవారం వంతెన మీద జనం ఎక్కువ, ఇంకా తొందరగా వెళ్లాలి అంది. నా బుగ్గ నిమిరి బయట ఆరేసిన గుడ్డలు తేవడానికి వెళ్లింది.

సంచి మేకుకు వేలాడుతోంది. పాస్‌పోర్టు ఏ అరలో ఉంటుందో నాకు తెలుసు. పుస్తకం లేకపోతే ఇక్కడే ఉండిపోవాలని ఆవిడే చెప్పింది కదా. నేను చేసింది అంతే. తీసి నా స్కూలు బ్యాగులో, స్పెల్లింగ్ పుస్తకం కింద పెట్టాను. దొంగతనమని అనిపించలేదు. అమ్మ వచ్చాక ఇచ్చేద్దామనుకున్నాను. మా ఇంట్లో అన్నం తిని వెళ్తుందనుకున్నాను. వంతెన అవతల ఒక మనిషి గంజి కోసం చూస్తూ ఉంటుందని తెలుసు. తెలిసినా ఆ మనిషి నాకు కథలో మనిషిలాగే ఉంది. నా ఏడుపు మాత్రం నిజం.

ఐదున్నరకు ఆవిడ సంచి భుజాన వేసుకుంటూ అలవాటుగా ఆ అర తడిమింది. మళ్లీ తడిమింది. సంచి మొత్తం వంటగది గచ్చు మీద దులిపింది. దువ్వెన, గొడుగు, టిఫిన్ డబ్బా, తలనొప్పి మందు సీసా, మడిచిన అక్షరాల కాగితాలు. పాస్‌పోర్టు లేదు. టీచర్ కూడా వెతికింది. చెత్తబుట్ట బోర్లించి చూశారు. పొద్దున బస్సులో పడిపోయిందేమోనని అత్తయ్య బస్‌స్టాప్ దాకా పరుగెత్తి వెనక్కి వచ్చింది. చెప్పులు కూడా వేసుకోలేదు. నేను బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చేస్తున్నట్టు తల వంచుకుని ఉన్నాను. మొదట్లో అది ఆటలా ఉంది. ఆవిడ మొహం చూశాక ఆట కాదని తెలిసింది. ఇచ్చేయాలనిపించింది. కానీ ఇస్తే నేనే తీశానని తెలిసిపోతుంది. ఆ భయంతో ప్రతి నిమిషం ఇంకో నిమిషం ఆగాను. ఆగినకొద్దీ ఇవ్వడం ఇంకా కష్టమైంది.

ఆరు దాటాక సెంటర్‌లో ఫోన్ మోగింది. టీచర్ తీసి అత్తయ్యకు ఇచ్చింది. అత్తయ్య విన్నది. అవతల పక్కింటివాళ్లట, మలయ్‌లో ఒకటి రెండు మాటలు అంది. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, ఆ గదిలో తెలుగు అర్థమయ్యేదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి కాబోలు, నాకు చెప్పింది. "మా అమ్మకి ఊపిరాడ్డం నేదంట పిల్లా. నన్ను రమ్మంటన్నాది." అని గచ్చు మీద అలాగే కూర్చుండిపోయింది. పెద్దవాళ్లు అలా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. శబ్దం లేదు. నోరు తెరిచి ఉంది, కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

అప్పుడైనా లేచి చేతికి ఇచ్చేసి ఉంటే నేను నా తొమ్మిదేళ్ల ప్రాణాన్ని కొంతైనా క్షమించుకునేదాన్ని. అలా చేయలేదు. బాత్రూంకు వెళ్తానని బ్యాగు తీసుకుని వెళ్లాను. టీచర్ మళ్లీ ఫోన్ దగ్గరకు వెళ్లేదాకా లోపలే ఉండి, అప్పుడు బయటికి వచ్చాను. పాస్‌పోర్టు చెప్పుల అలమర కింద పెట్టి, వంగి తీసి, "అత్తయ్యా, ఇక్కడుంది, ఇక్కడ పడిపోయింది" అని అరిచాను. అప్పటికి ఆరున్నర దాటింది.

ఆవిడ లేచి వచ్చింది. ఆ అలమర కింద అప్పటికే రెండుసార్లు వెతికారు. ఆవిడ పాస్‌పోర్టు వైపు చూసింది, నా వైపు చూసింది. ఆ చూపు ఎంతసేపుందో చెప్పలేను, మహా అయితే రెండు క్షణాలు. ఆ రెండు క్షణాల్లో ఆవిడకు అంతా తెలిసిపోయిందని నాకూ తెలిసింది. నా తల మీద చెయ్యి వేసి, తీసి, పరుగెత్తింది.

ఎనిమిదిన్నరకు అమ్మ వచ్చింది. అలా ఉన్నావేమిటే అని నుదురు పట్టుకు చూసింది. నేనేమీ చెప్పలేదు. సోమవారం అత్తయ్య రాలేదు. ఆవిడ తల్లి చనిపోయిందని టీచర్ అమ్మతో చెబుతుంటే విన్నాను. ఆ రోజు నుంచి నాకు జ్వరం. అమ్మ దిష్టి తీసింది, డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లింది. నాన్న ఒక్కరోజు సెలవు పెట్టి పక్కన కూర్చున్నారు. వాళ్లు నన్ను ప్రేమగా చూసినకొద్దీ నాకు లోపల ఇంకా భయమేసేది. అత్తయ్య వస్తే ఏమంటుందోనని భయం, రాకపోతే ఎలా అని భయం.

ఆవిడ పదిరోజులకు వచ్చింది. కళ్లు లోపలికి పోయాయి, చెంపలు జారిపోయాయి. ఎప్పట్లాగే బియ్యం కడిగింది, వంట చేసింది. మూడింటికి చిన్నవాళ్లు పడుకున్నాక నన్ను వంటగదిలోకి పిలిచింది. ఆవిడ నన్ను పీట మీద కూర్చోబెట్టి, తాను కింద కూర్చుని, నా మోకాళ్లు పట్టుకుంది. నేనేమీ అడగకుండానే చెప్పింది. "మా అమ్మ నన్ను సూసింది పిల్లా. నేనెల్లేసరికి పేణంతోనే ఉన్నాది. నా సేతి గంజి రెండు గుక్కలు తాగింది. ఆ తరవాతే పోనాది." లేచి గిన్నెలు కడుక్కుంది.

నేను ఆ మాట నమ్మాను. చిన్నపిల్లకు అంతకన్నా ఏం కావాలి? ఆ రాత్రి నిద్రపోయాను. అన్నం సయించింది. మళ్లీ అక్షరాలు మొదలుపెట్టాం, గుణింతాల దాకా వచ్చాం. మర్చిపోయానని కాదు. కానీ నా వల్ల ఏ అనర్థమూ జరగలేదన్న ధైర్యం వచ్చింది.

డిసెంబరు సెలవుల్లో అత్తయ్య మమ్మల్ని భోజనానికి పిలిచింది. మాది ఇండియా పాస్‌పోర్టు కాబట్టి మలేషియా వెళ్లడానికి వీసా కావాలి. నాన్న అది వేయించారు గానీ, సంవత్సరం ఆఖరు రోజులు కావడంతో ఆఫీసు వదిలి రాలేకపోయారు. ఒక శనివారం మధ్యాహ్నం అత్తయ్య పని ముగించుకున్నాక అమ్మా నేనూ ఆవిడతో బయల్దేరాం. ఆవిడ రోజూ నడిచే దారి నేను మొదటిసారి నడిచింది ఆ రోజే.

బస్సు దిగగానే జనం పరుగెత్తడం మొదలుపెట్టారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. పదిమంది ముందు చేరితే లైనులో పావుగంట తగ్గుతుందని అత్తయ్య చెప్పింది. సంచులు పట్టుకున్న ఆడవాళ్లు, ఫ్యాక్టరీ చొక్కాలతోనే వచ్చిన మగవాళ్లు, మెట్ల మీద నుంచి ఒకరినొకరు తోసుకుంటూ. కింద మోటారుసైకిళ్ల లైను ఎక్కడ మొదలైందో కనబడలేదు. హాలులో అంతమంది ఉన్నా మాటలు లేవు. నా ముందు నిలబడ్డ ఒక ఆవిడ నిలబడే నిద్రపోతోంది. లైను కదిలినప్పుడల్లా వెనకావిడ భుజం తట్టేది, కళ్లు తెరవకుండానే ఒక అడుగు వేసేది. వాళ్లిద్దరికీ పరిచయం ఉందా అని అడిగాను. లేదు, ఎవరైనా తడతారు అంది అత్తయ్య. ఏ గాజుపెట్టె వెనక ఆఫీసరు త్వరగా ముద్ర వేస్తాడో, ఎవరు పేజీలన్నీ తిప్పుతారో ఆవిడకు కంఠతా వచ్చు. మాలాంటివాళ్లకు వేరే లైను, ఆవిడ తన లైను ముగించుకుని మా కోసం అవతల అరగంట నిలబడింది. మా పేజీలు తిప్పిన ఆఫీసరు మా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. తప్పు చేయకపోయినా తప్పు చేసినట్టు ఉంటుందక్కడ. చేసినదానికి ఇంకెలా ఉంటుంది?

వంతెన మీద బస్సు ఆగిపోయింది. ముందు లారీలు, వెనక లారీలు. కాసేపు చూసి జనం తలుపు తీయించుకుని దిగి నడవడం మొదలుపెట్టారు. మేమూ దిగాం. పక్కన పెద్ద పెద్ద నీళ్ల గొట్టాలు, వాటికవతల సముద్రం, ఎండ, లారీల పొగ. కిలోమీటరు దూరం. నేను అలిసిపోయి, ఆ రోజు కూడా ఇలాగే నడిచావా అత్తయ్యా అని అడిగాను. ఆ రోజంటే ఏ రోజో అమ్మకు తెలియదు. అత్తయ్యకు తెలుసు. "నేదు పిల్లా," అంది ముందుకు చూస్తూనే. "పరిగెత్తాను."

వాళ్లది సందులో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఖాళీ మంచం, దాని పక్క గోడకు తల్లి ఫోటో, పూలదండ. ఫోటో కింద గోడకు అంటించిన కాగితాలు చూసి ఆగిపోయాను. మా వర్క్‌షీట్లు. వంకర అ, వంకర ఆ, కొట్టేసి మళ్లీ రాసిన ఋ. మంచం మీద పడుకున్నవాళ్లకు కనబడే ఎత్తులో అంటించి ఉన్నాయి.

ఆయన, అంటే అత్తయ్య భర్త, మాకు కుర్చీలు వేశాడు. చాలా మాటకారి. అత్తయ్య వంటింట్లో ఉంది. అమ్మ మర్యాదకు, పెద్దావిడ ఎలా పోయారండీ అని అడిగింది. ఆయన పెద్దగా నిట్టూర్చాడు. "ఏడుంపావుకి పోనాది సెల్లెమ్మా. గంజి నేను పడితే నోరు తెరవనేదు. ఆఖరిదాకా గుమ్మంకేసే సూసింది, కూతురొస్తాదని. ఇదొచ్చేసరికి ఎనిమిదిన్నర దాటిపోనాది. ఆ రోజు దీని పాస్‌పోర్టు యాడో పడిపోయిందంట..." వంటింట్లోంచి అత్తయ్య గట్టిగా కేకేసింది, పెరట్లోంచి కరివేపాకు తెమ్మని. కరివేపాకు వంటింట్లోనే ఉంది, నేను వచ్చేటప్పుడు చూశాను. ఆయన లేచి వెళ్లాడు.

అమ్మ అయ్యో అంటోంది. నాకు ఆ గది గోడలు దగ్గరకు వచ్చినట్టయింది. ఏడుంపావు. ఎనిమిదిన్నర. నాకు లెక్కలు బాగా వచ్చు. లేచి వెనక గుమ్మం దాటి నీళ్ల డ్రమ్ము పక్కన కూర్చున్నాను. కాసేపటికి అత్తయ్య వచ్చింది. చేతికి పిండి ఉంది.

"నేనే దాచాను అత్తయ్యా," అన్నాను. అదే మొదటిసారి ఆ మాట పైకి అనడం.

"తెలుసు."

"మరి నన్నెందుకు తిట్టలేదు? మీ అమ్మ నిన్ను చూసిందని ఎందుకు చెప్పావు?"

ఆవిడ నా పక్కన చతికిలబడింది. "నువ్వు తొమ్మిదేళ్ల పిల్లవి. ఇది నీ నెత్తిన పెడితే నువ్వెలా పెరుగుతావు? నాకు మొయ్యడం అలవాటే." ఇంకా చిన్న గొంతుతో అంది. "శుక్రారం కదా. ఐదున్నరకి బయల్దేరినా అందుదునో నేదో. ఎవులికి తెలుసు?" నన్ను ఓదార్చడానికి అన్న మాట కాదది. ప్రతిరోజూ ఆ వంతెన మీద తనను తాను అడుక్కుంటున్న మాట అని చిన్నదాన్నయినా నాకు తెలిసింది. నేను ఏడ్చాను. ఆవిడా ఏడ్చింది. ఈ సంగతి అమ్మకు గానీ మావయ్యకు గానీ చెప్పొద్దంది. చెబితే మావయ్య నా మొహం మళ్లీ చూడడట. తర్వాత కొళాయి కింద నా మొహం కడిగి, కొంగుతో తుడిచి, లోపలికి తీసుకెళ్లి అన్నం కలిపి పెట్టింది. ఎవరికి పెట్టిన చేత్తో నాకు పెడుతోందో అనుకుంటూ నేను ఆ ముద్దలు మింగాను.

మేము బుకిట్ పంజాంగ్ ఇల్లు మారేదాకా, ఇంకో రెండేళ్లు, ఆవిడ నన్ను చూసుకుంది. ఏ ఒక్కరోజూ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మోకాళ్లు అరిగిపోయి నిలబడలేని స్థితి వచ్చేదాకా ఆ లైన్లలో నిలబడింది. నా పెళ్లికి కర్ర పట్టుకుని వచ్చింది. సింగపూర్‌లో గుడి హాలులో పెళ్లి. భోజనాలు కాకముందే ఆవిడ లేచింది. మా వాళ్లంతా చుట్టూ మూగారు. ఇంకాసేపు ఉండండి, వడ్డిస్తున్నారు, తిని వెళ్లండి, ఇంత దూరం వచ్చి ఇదేమిటి అని చెయ్యి పట్టుకుని ఆపుతున్నారు. ఆవిడ మొహమాటంగా నవ్వుతూ గోడ గడియారం వైపు చూసింది. నేను పీటల మీద నుంచి లేచాను. పురోహితుడు ఏదో అంటున్నాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని, మధుపర్కాలతోనే రోడ్డు దాకా వచ్చి, టాక్సీ ఎక్కించాను. ఇంటి దగ్గర ఎవరున్నారు అత్తయ్యా అని అడిగితే, ఎవరూ లేరు, మావయ్య కూడా పోయి ఏడాదైంది, అలవాటు పిల్లా అంది.

ఆవిడ ఇప్పుడు లేదు. నా తల కూడా నెరుస్తోంది. అమ్మకు ఈ సంగతి ఈమధ్యే చెప్పాను. ఆ రోజు నేను ల్యాబులో ఉండిపోకుండా వచ్చేసి ఉంటే, అంది అమ్మ. ఆ వాక్యం ఆవిడ ముగించలేదు, నేనూ ముగించలేదు.

మనవాళ్లలో వెళ్తానన్న మనిషిని ఆపడమే ప్రేమ. అప్పుడే ఏమిటి, కూర్చోండి అనకపోతే మర్యాద కాదు. ఆ మాట నా నోట రాదు. మా ఇంటికి వచ్చినవాళ్లు లేస్తే నేనూ లేస్తాను, వాళ్ల చెప్పులు తిప్పి పెడతాను. మేమెప్పుడు లేస్తామా అని చూస్తావేంటి వదినా అని మా ఆడపడుచు ఒకసారి నొచ్చుకుంది. నవ్వి ఊరుకున్నాను. ఆఫీసులో నా దగ్గర పనిచేసేవాళ్లలో ఇద్దరు ఇప్పటికీ ఆ వంతెన దాటి వస్తారు. ఐదున్నర అవుతుంటే, వాళ్లు గడియారం చూడకముందే, మాట సగంలో ఉన్నా ఆపేసి వెళ్లిరమ్మంటాను. పని మిగిలిపోతుంది, పైవాళ్లు అడుగుతారు, నేను పడతాను. వాళ్లు సంచులు సర్దుకుని లిఫ్ట్ వైపు పరుగెత్తుతారు. లిఫ్ట్ తలుపులు మూసుకునేదాకా అక్కడే నిలబడి, ఇవాళ వీళ్లకు వంతెన ఖాళీగా ఉండాలని కోరుకుంటాను.